సవర మాట నేర్చుకోండి
సీతంపేట కొండల్లో ఉద్యోగానికి వెళ్ళే యువ వైద్యులకు, నర్సులకు ఈ మాట చెబుతున్నాను. సవర భాష నేర్చుకోండి. శిక్షణ తరగతి పెడతారని ఎదురుచూడకండి. సవర ముండా కుటుంబపు భాష. తెలుగుతో చుట్టరికం లేదు కనుక ఊహించి అర్థం చేసుకోలేరు. తెలుగులో "నొప్పి" అని ఊరుకొనే రోగి, అది మంటో పోటో తిమ్మిరో తన భాషలోనే చెప్పగలడు. కొడుకు దుబాసీగా నిలబడితే తల్లి తన నెలసరి బాధ చెప్పుకోదు.

శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట ఉంచుకొని ఈ భాష నేర్చారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మన్యపు జ్వరానికి వాడిన క్వినైన్ వల్లనే ఆయనకు చెవుడు వచ్చిందంటారు. ఆ మందుకు ఆ దోషం ఉన్న మాట నిజమే.

మీకంత కష్టం అక్కరలేదు. సవర ఊరి ఆశా కార్యకర్తను రోజుకు ఐదు మాటలు అడగండి: శరీర భాగాలు, "ఎక్కడ", "ఎన్నాళ్ళనుంచి". విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకోండి. మరునాడు రోగితో ఆ మాటలే పలకండి. నవ్వితే నవ్వనివ్వండి, దిద్దేదీ వారే. మందు మోతాదు మాత్రం, భాష పట్టుబడేవరకు, రెండు భాషలూ వచ్చిన పెద్దలచేత చెప్పించి, రోగిచేత తిరిగి చెప్పించుకోండి.