విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో చెత్త పునర్వినియోగం – నూజివీడు మామిడి ప్రాంతానికి గల అవకాశం

జి. కొండూరు: రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడినప్పుడు దాని తొలి ప్రాంగణాలలో ఒకటి నూజివీడుకు దక్కింది. పదవ తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులు ఇక్కడ ఆరేళ్లపాటు వసతిగృహాలలోనే ఉండి చదువుకుంటారు. కొన్ని వేల మంది మూడు పూటలా భోజనం చేసే ఇటువంటి ప్రాంగణం చెత్త విషయంలో చిన్న పట్టణంతో సమానం.

2016 ఏప్రిల్ 8న కేంద్రం ప్రకటించిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వెలువడే సంస్థలను భారీ ఉత్పత్తిదారులుగా గుర్తించాయి. ఐదు వేల మంది నివసించే చోట ఒక్కొక్కరు 20 గ్రాముల అన్నం కంచంలో వదిలినా ఈ పరిమితి చేరుతుంది. తడి చెత్తను సాధ్యమైనంత వరకు ఆవరణలోనే ఎరువుగా మార్చాలని ఆ నిబంధనలు నిర్దేశించాయి.

ఇందుకు కావలసిన ముడిసరుకు ఈ ప్రాంతంలో పుష్కలంగా కలదు. మెస్ వ్యర్థాలలో నత్రజని ఎక్కువ, రాలిన మామిడాకులలో కర్బనం ఎక్కువ. మెస్ వ్యర్థాలను విడిగా కుప్ప పోస్తే కుళ్లి దుర్వాసన వస్తుంది. ఆకులు విడిగా ఉంటే నెలల తరబడి చివకవు. రెండింటినీ పొరలుగా వేసి, కుప్ప వేడి తగ్గిన పిదప వానపాములను వదిలితే సుమారు రెండు నెలల్లో ఎరువు సిద్ధమవుతుంది. ఉప్పు, నూనె అధికంగా ఉన్న కూరలు, పచ్చళ్లు వానపాములకు పనికిరావు. ఆంధ్ర మెస్‌లో ఇది చిన్న సమస్య కాదు.

మామిడికి ఎరువు వేసేది కోతలు ముగిసి తొలకరి పడే జూన్, జూలై నెలల్లో. వేసవి సెలవుల్లో మెస్‌లు ఖాళీగా ఉంటాయి. కనుక జనవరి నుంచి మార్చి వరకు తయారైన ఎరువును నీడలో, తేమ ఆరకుండా నిల్వ ఉంచే షెడ్డు లేనిదే జి. కొండూరు, మైలవరం, ఆగిరిపల్లి రైతులకు అది సకాలంలో అందదు. తొట్ల నిర్మాణంపై చూపే శ్రద్ధ షెడ్డుపై చూపకపోతే పథకం మొదటి ఏడాదిలోనే కుంటుపడుతుంది.

పొడి చెత్త విషయంలో అసలు చిక్కు కాంట్రాక్టు షరతులలో ఉన్నది. తరలించిన బరువును బట్టి బిల్లు చెల్లిస్తే, తడిసి బరువెక్కిన కలగాపులగపు చెత్తే కాంట్రాక్టరుకు లాభసాటి. సాంబారు అంటిన కాగితాన్ని, అట్టపెట్టెను పాత సామాన్ల వ్యాపారి కొనడు. చివరకు చేతులతో వేరుచేయవలసిన భారం పారిశుధ్య కార్మికులపై పడుతుంది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా కేంద్రం ప్రకటించిన నూతన నిబంధనలు తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యర్థాలుగా నాలుగు విధాల విభజనను కోరుతున్నాయి. ఏటా కొత్త విద్యార్థులు చేరే ప్రాంగణంలో ఈ శిక్షణ ఒకసారితో ముగిసేది కాదు.

ట్రిపుల్ ఐటీ విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం తొలి నుంచీ ఉన్న పద్ధతి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఒక ఆర్థిక సంవత్సరంలో వెయ్యి లేదా అంతకు మించి విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాలు వినియోగించిన సంస్థ భారీ వినియోగదారు. పాడైన పరికరాలను, బ్యాటరీలతో సహా, గుర్తింపు పొందిన వారికే అప్పగించాలి. సాధారణ వేలంలో పాత ఇనుముతో కలిపి విక్రయించరాదు.

2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో జి. కొండూరు ఎన్టీఆర్ జిల్లాలో, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరాయి. ప్రాంగణపు ఎరువు తోటలకు చేరాలంటే ఇరు జిల్లాల ఉద్యాన శాఖ అధికారులు కోతలకు ముందే రైతుల అవసరాన్ని లెక్కగట్టి విశ్వవిద్యాలయానికి తెలియజేయవలసి ఉంటుంది.