కానుకగా ఒక దినము

ఉగాదికిని దీపావళికిని, వివాహములకును జన్మదినములకును కానుకలు ఇచ్చి పుచ్చుకొనుట మన కుటుంబములలో పెద్దలనాటినుండి వచ్చుచున్న సదాచారము. దానిని మానుమని మేము చెప్పబోవుట లేదు. ఇచ్చునది ఏది కావలెనో ఒక్కమారు ఆలోచింపుడని మాత్రమే కోరుచున్నాము.

మేమెరిగిన ఒక గృహమున డెబ్బదియేండ్లు దాటిన వృద్ధమాత ఉన్నది. ఒకనాడు ఆమె బీరువా తెరచి చూపగా, అందు రెండు మిక్సీలును, అయిదారు శాలువలును, లెక్కలేనన్ని టిఫిను డబ్బాలును రంగుకాగితము విప్పకుండనే ఉన్నవి. "వీటిని వాడరేమమ్మా?" అని అడిగితిమి. "ఎవరికొరకు వాడను నాయనా? అందరును తెచ్చి ఇచ్చి వెళ్ళువారే గాని, కూర్చుండువారేరీ?" అని ఆమె బదులు చెప్పెను. ఆ మాట మమ్ములను చాలకాలము విడువలేదు.

మరుసటి జన్మదినమునకు ఆమె కుమారులు వస్తువేదియు కొనలేదు. మనుమలతో సహా ఆమెను బస్సుమీద పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌కు తీసికొనిపోయిరి. జీవితమంతయు ఈ ద్వీపముననే గడపియు ఆమె ఆ స్థలమును అంతకుముందు చూచి యుండలేదు. అచ్చటి రాతిమెట్ల చెంత చిన్న మనుమరాలి చేయి పట్టుకొని, తన నాయనమ్మ చెప్పిన ఓడప్రయాణపు మాటలును, చెరకుతోటలో తాను పడిన పాట్లును, ఎస్టేటు కాంపులో రాత్రివేళ జరిగిన రామభజనలును వరుసగా చెప్పెను. ఆ మాటలను మనుమలు విన్నది అదే మొదటిసారి. ఆనాటి ఖర్చెల్ల ఇంటినుండి కట్టుకొని పోయిన దాల్ పూరీలును, కొంత బస్సుకూలియును మాత్రమే. 2005నుండి మన ద్వీపమున వృద్ధులకును విద్యార్థులకును బస్సుప్రయాణము ఉచితముగదా!

1834నుండి 1920వరకు దాదాపు 5 లక్షలమంది కూలీలు భారతదేశమునుండి ఈ రేవునకు వచ్చి దిగిరి. కొందరిని ఇచ్చటినుండి ఇతర దేశములకు పంపిరి. మిగిలినవారిలో మన పూర్వులును కలరు. యునెస్కో 2006లో ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. అన్య దేశీయులు దూరమునుండి వచ్చి చూచుచుండగా, మన పిల్లలలో ఎందరు చూచిరి? మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నాటి వలస రిజిస్టర్లు భద్రముగా ఉన్నవి. కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, ఎక్కిన ఓడ మున్నగు వివరములు వానిలో వ్రాయబడినవి. తాతగారి తాతగారి పేరును ఆయనతో కలిసి వెదకిన దినమునకు సాటియైన శాలువ ఏ అంగడిలోనైన దొరకునా?

కానుక పుచ్చుకొనువారికి తగినదై యుండవలెను. మోకాళ్ళ నొప్పిగల పెద్దలను లె మోర్న్ కొండ ఎక్కింపరాదు. వారికి పాంప్లెమూస్ తోట చాలును. అచ్చటి పెద్ద కలువ మొదటి రాత్రి తెల్లగా విచ్చి, మరునాటికి గులాబివన్నె దాల్చును. అచ్చట తాటిజాతి వృక్షమొకటి దశాబ్దములు పెరిగి, ఒక్కమారు మాత్రమే పూచి మరణించును. సమీపముననే బో ప్లాన్‌లో 1999లో మూతపడిన పంచదార మిల్లు ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉన్నది. పిల్లలైనచో మయెబూర్ చెంతనున్న ఈల్ ఓజ్ ఎగ్రెట్ అను చిన్న దీవికి తీసికొనిపోవలెను. 1990 ప్రాంతమున అడవిలో సుమారు 10 పక్షులకు దిగజారిన గులాబి పావురపు జాతిని అచ్చట కన్నులార చూడవచ్చును. అంత ఖర్చునకు వీలులేనివారికి, తమ తాత పనిచేసిన తోటలో నేటికిని నిలిచియున్న పాత మిల్లు పొగగొట్టమే చాలును, చెప్పుటకు తాత ప్రక్కన ఉన్నచో.

పెద్దలయొద్దకు వట్టిచేతులతో పోరాదందురు. నిజమే. ఒక కొబ్బరికాయయు నాలుగు పండ్లును తీసికొనిపోయి నమస్కరింపుడు. క్రొత్తగా కాపురము పెట్టు దంపతులకు పాత్రలు కావలెను, బీదవానికి వస్త్రము కావలెను. అట్టివారికి వస్తువే సరియైన కానుక. మేము చెప్పునది, ఇంట వస్తువులు నిండియు మనుష్యులు కరవైన వారిని గూర్చియే. ఎవరికిని అక్కరలేని వస్తువు ఎచ్చటికి పోవునో ఎరుగుదుము. 2,000 చదరపు కిలోమీటర్లకు మించని ఈ ద్వీపమున, 1997నుండి చెత్త చేరుచోటు మార్ షికోజ్ గుట్టయే.

ఒక హెచ్చరిక. "ఎప్పుడైన తీసికొనిపోయెదము" అనుట కానుక కాదు. తాంబూలములో పెట్టు చీటీపై తేదీ, స్థలము, బయలుదేరు వేళ, వెంట వచ్చువారి పేర్లు స్పష్టముగా వ్రాయవలెను. టిక్కెట్టు కొని పంపుటయు చాలదు. ఇచ్చినవాడు స్వయముగా వెంట పోవలెను. అతని కాలమే ఈ కానుకలోని అసలు వస్తువు.

రాబోవు ఉగాదికి ప్రతి కుటుంబమును ఇట్టి చీటీ నొక్కటి వ్రాసి, ఇంటి పెద్దల పాదములచెంత ఉంచవలెనని మా మనవి. మనలో చెరకుతోటల కాలమును నోటితో చెప్పగలవారు ఏటేట తగ్గుచున్నారు. బీరువాలోని వస్తువు మరి పదియేండ్లకును ఉండును. వారు ఉందురో లేదో ఎవరికి తెలియును? కావున ఆలసింపవలదు.