సింహము లేని వనవిహారము

ఆఫ్రికాఖండమును గూర్చిన భూగోళపాఠము ముగిసిన దినమున తరగతిలో నొక బాలుడు లేచి, “అయ్యా, మన కొండలలో సఫారీ యేల లేదు?” అని ప్రశ్నించెను. తక్కిన బాలురు నవ్విరి. కాని యది నవ్వి విడువదగిన ప్రశ్న కాదని మా యభిప్రాయము. దానికి సమాధానము వెదకుచు, ఉపాధ్యాయులమును విద్యార్థులమును కొందఱము కలిసి గత శీతకాలమున అనంతగిరి ఘాటులోని యొక యడవివిడిదియందు ఒక దినము గడపి వచ్చితిమి. అచట చూచినదానికంటె అచట మాకు తోచినదానిని చెప్పుటయే యీ వ్యాసమున మా ముఖ్యోద్దేశము.

‘సఫారీ’ యనునది తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషాపదము. ప్రయాణమని దాని యర్థము. అరబ్బీలోని ‘సఫర్’ అను మాటనుండి యది పుట్టినది. మన హైదరాబాదు ఉర్దూలో వినవచ్చు ‘సఫర్’ కూడ నదియే. కావున ఆ మాటయందు సింహమును లేదు, తుపాకియు లేదు. దొరల కాలమున వేటగాండ్రు దానిని తమ వేటకు పేరుగా చేసికొనిరి. సింహము, ఏనుగు, చిఱుత, ఖడ్గమృగము, అడవియెనుము అను నీ యైదు మృగములను ఒక్కచోట చేర్చి గొప్పగా చెప్పుటయు వారి వాడుకయే. కాలినడకను వేటాడుటకు ఇవి మిక్కిలి యపాయకరములని వారట్లెంచిరి. నేడు తుపాకికి మాఱు కెమెరా వచ్చినది. వేకువను చలిలో బండియెక్కి బయలుదేఱుట, ఎండవేళ లాడ్జిలో విశ్రమించుట, ప్రొద్దు వాలగనే మరల వెడలుట, రాత్రి నెగడుచుట్టు గూర్చుండి చూచిన మృగములను లెక్కించుకొనుట, ఇదియే యచటి దినచర్య.

మా దినచర్యయు ఇంచుమించుగ నట్లే సాగెను; లెక్కింపదగిన మృగములు మాత్రము కానరాలేదు. తెల్లవాఱకమునుపే మాకు దారిచూపుటకు కొండదొర తెగవాడగు నొక వృద్ధుడు వచ్చెను. “తాతా, చిఱుత కనబడునా?” అని పిల్లలడిగిరి. “మీరు దాన్ని సూడరు బాబూ, అదే మిమ్మల్ని సూస్తాది” అని యతడు నవ్వెను. అటుపిమ్మట ఆ వృద్ధుడు మాకు అడవిని చదువ నేర్పెను. వాగుగట్టున తడియిసుకలో సన్నని గిట్టలజాడను చూపి, రాత్రి కొండగొఱ్ఱె నీటికి వచ్చినదనెను. చెదలపుట్టను చీల్చిన గోళ్ళగుర్తులను చూపి ఎలుగుబంటి పనియనెను. చెట్టుమొదట అంటిన యెండుబురదను తాకి, అడవిపంది యెంత యెత్తున ఒడలు రాచుకొన్నదో చేతితో కొలిచి చూపెను. తలయెత్తి చూడుడనగా, కొమ్మలసందున ఆకులతో పుల్లలతో కట్టిన బెట్టుడుత గూడు కనబడెను. ఒక్క పుస్తకమైనను చదువని యా వృద్ధునియెదుట, ఎన్నో పుస్తకములు చదివిన మేము ఓనమాలు దిద్దుకొను పిల్లలమైతిమి.

తిరిగి వచ్చుదారిలో నొక గ్రామమున పెంకుటిండ్ల చూరులలో పిచ్చుకలు కిచకిచలాడుచుండెను. ఊరపిచ్చుకలే కదా యని మేము సాగిపోవుచుండగా, పక్షులనెఱిగిన మా యుపాధ్యాయులొకరు నిలిపిరి. పరికించి చూడగా వాని నెత్తి యంతయు ముదురు గోధుమవన్నె. తెల్లని చెక్కిలిమీద నల్లని మచ్చ. ఇది చెట్టుపిచ్చుక యనబడు వేఱొక జాతి. మన దేశమున నిది ముఖ్యముగా హిమాలయ ప్రాంతమునను, ఈశాన్య రాష్ట్రములలోను నుండును. అంత దూరమునందలి పక్షి మన తూర్పు కనుమలలోను కాపురమున్నదని విశాఖపట్టణపు పక్షిశాస్త్రజ్ఞులు కె. యస్. ఆర్. కృష్ణరాజుగారును, ట్రెవర్ ప్రైస్‌గారును 1973వ సంవత్సరమున శాస్త్రపత్రికలో ప్రకటించిరి. సింహమును వెదకబోయి పిచ్చుకను చూచి వచ్చితిరా యని కొందఱు పరిహసింతురు. సింహమును పటములోనైన నందఱును చూచియున్నారు. మన చూరుననున్న యీ పిచ్చుకను ఎందఱు చూచిరి?

సాయంకాలము జరిగినది చెప్పుటకు మనసొప్పకున్నను చెప్పక తప్పదు. అదే విడిదికి పట్టణమునుండి మఱికొందఱు వచ్చియుండిరి. వారి స్పీకరు మ్రోతకు లోయ మాఱుమ్రోగెను. సీసాలు వాగులో పడెను. ఒక్క మృగమైనను కనబడలేదు, పైకము దండుగ యని వారు విసుగుకొనిరి. చీకటిపడగనే థింసా ఆడుటకు గ్రామస్త్రీలు వచ్చిరి. చేయిచేయి పట్టుకొని, ఒక్క యడుగుగా వలయమై తిరుగు ఆ నృత్యము కొండవారి పండుగలకును పెండ్లిండ్లకును సొంతమైనది. ఆ యతిథులు ఫోటోలకై దానిని నడుమ నాపించిరి, మరల నాడించిరి, వలయములో దూఱి వెక్కిరించుచు గంతులిడిరి. ఆ యాడువారిలో నొకతె మాతో వచ్చిన విద్యార్థినికి పినతల్లి. ఆ బాలిక తల వంచుకొనెను. తల వంచుకొనవలసినది ఆమె కాదని మేమా రాత్రి నెగడుచెంత ఆమెతో చెప్పితిమి. ఇచట అందఱితోను చెప్పుచున్నాము.

మృగము దొరకనిచోట మనుష్యుని చూడదగిన వస్తువుగా చేయుట మహాపరాధము. ఇది మన కొండలకు మాత్రమే పట్టిన పీడ కాదు. టాంజానియాలోని సెరెంగెటీ 1951లో జాతీయవనమైనది. తరతరములుగా నచట పశువులను మేపుకొనుచుండిన మసాయి ప్రజలు 1959లో దానిని విడిచి గోరోంగోరో ప్రాంతమునకు పోవలసివచ్చెను. మృగములను చూడవచ్చువారికి ద్వారము తెఱవబడెను. మృగములతో కలిసి బ్రదికినవారికి మూయబడెను. మన మన్యమున 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడునకును అడవి ఫలసాయమునకును అడ్డుకట్టలు వేసెను. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడపిన తిరుగుబాటునకు ఆ కడగండ్లును కారణములే. 2022లో నేర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టుకొంటిమి. పేరు నిలిపినంతమాత్రమున ఋణము తీఱునా?

చట్టములు లేకపోలేదు. 1970 నాటి 1వ నిబంధన గిరిజనుల ప్రాంతమున భూమి ఇతరుల చేతికి పోరాదనుచున్నది. 2006 నాటి చట్టము అడవిలో వసించువారి హక్కులను అంగీకరించినది. కాని భూమి చేతులు మాఱకున్నను, దానిమీద వచ్చు లాభము చేతులు మాఱవచ్చును. దారిచూపిన తాతకు దినకూలియు, విడిదికి వచ్చు పైకము వేఱొకరికిని పోవుచుండినయెడల, అడవిని కాపాడవలెనన్న యాస అతని మనుమనికెట్లు పుట్టును? మారేడుమిల్లి యొద్ద వన సంరక్షణ సమితులవారు తామే విడిదులను నడుపుకొనుట మనమెఱుగుదుము. అరకులోయలోను ఈ మార్గము విస్తరింపవలెను. కొండవాడు అతిథిని పిలుచు గృహస్థు కావలెను గాని, అతిథి చూచిపోవు బొమ్మ కారాదు.

ఇక మన యింటి మాట. చైత్రమాసమున ఇటుకల పండుగకు పురుషులు వేటకు పోవుటయు, వట్టిచేతులతో వచ్చినవారిని స్త్రీలు గేలిచేయుటయు మన కొండ విద్యార్థులకు తెలిసినదే. ఆ విల్లంబులే యడవిని ఖాళీచేసినవని చెప్పుట అన్యాయము; తుపాకులును, కలప వ్యాపారమును, తఱిగిపోయిన చెట్లును అంతకంటె నెక్కుడు హాని చేసినవి. అయినను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. దానికంటె గట్టిగా అడవియే నిషేధించుచున్నది. “మా సిన్నప్పుడు దారెంట కనబడేవి, ఇప్పుడు జాడలే” అన్న తాత మాటను మఱువరాదు. చీతా మన దేశమున నశించినదని 1952లో ప్రకటించిరి. 2022లో దానిని ఆఫ్రికానుండి తెచ్చుకొనవలసివచ్చెను. పోగొట్టుకొనుటకంటె కాపాడుకొనుట సులభము. పండుగ నిలువవలెను, డప్పు మ్రోగవలెను, పాట సాగవలెను. అంబు మాత్రము పొదిలోనే యుండవలెను. పల్లపు విద్యార్థులును తమ జేబులలోని పంగలకఱ్ఱలను నేడే పాఱవేయవలెను. పిచ్చుకను సయితము మఱువని తండ్రిని గూర్చి ప్రతి యుదయమును ప్రార్థనలో విని, మధ్యాహ్నము ఆ పిచ్చుకపై రాయి విసరుట మనకు తగునా?

మన కొండలలో సఫారీ యేల లేదని యడిగిన బాలునికి మా సమాధానమిది. నాయనా, సఫారీ యనగా ప్రయాణము. అది మన కొండలలోను కలదు. సింహము లేదు, అంతియే. మెల్లగా నడువుము, బిగ్గరగా మాటాడకుము, దారిచూపు పెద్దను తాతా యని పిలిచి అతడు చెప్పినది వ్రాసికొనుము. వచ్చునప్పుడు నీ వెంట తెచ్చిన చెత్తను నీవే తీసికొని రమ్ము. మృగము కనబడకున్నను దాని జాడ కనబడినచో సంతోషింపుము. నీ మనుమలు వచ్చునాటికి ఆ జాడయైన మిగులునట్లు బ్రదుకుము.