ఆ గొంతు మనకెక్కడ అలవాటైంది?

కైకలూరు వైపు ఒక కొల్లేటి లంక గ్రామంలో రొయ్యలు ఒలిచే పనికి వెళ్లే ఒకామె, తన ఖాతాలోంచి ముప్ఫై ఎనిమిది వేలు పోయిన సంగతి పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పొదుపు సంఘం సమావేశంలో వాయిదా కట్టమన్నప్పుడు ఏడ్చేసింది. భర్త ఇంట్లో వదిలి వెళ్లిన ఫోను మోగితే తీసిందట. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. నీ ఆధార్ అప్‌డేట్ కాలేదు. సాయంత్రానికి ఖాతా ఆపేస్తాం, డ్వాక్రా లోను కూడా రాదు" అన్నాడట. ఫోనుకు వచ్చిన ఆరంకెలు కూడబలుక్కుని చదివి చెప్పింది.

ఎందుకు నమ్మావమ్మా అని అడిగాను. "బ్యాంకులో వాళ్లు అలాగే మాట్లాడతారు కదండీ" అంది.

ఆ జవాబు ముందు నా సామాజికశాస్త్రం చిన్నబోయింది. నిజమే కదా! దొంగ అనుకరించింది బ్యాంకు పేరునొక్కదాన్నే కాదు, బ్యాంకు పేదస్త్రీతో మాట్లాడే తీరును కూడా. ఆధార్ కాగితం తేలేదనీ, సంతకం కలవలేదనీ, రేపు రమ్మనీ కౌంటరు దగ్గర కసురుకుంటే తల వంచుకుని వినడం మనకు ఏళ్ల తరబడి నేర్పారు. వేలిముద్ర ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేశాం. కారణం అడిగితే విసుక్కుంటారని అడగడం మానేశాం. ఆ విధేయతనే దొంగ సొమ్ము చేసుకున్నాడు. దీన్ని ఆమె అజ్ఞానం అనేసి చేతులు దులుపుకోవడం నాకు చేతకావడం లేదు. 2024లో దేశమంతటా సైబర్ మోసాల్లో రూ.22,845 కోట్లు పోయాయని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అదంతా చదువురాని వాళ్ల డబ్బేనా?

ఇంకో సంగతి. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో దాదాపు 82 శాతం స్త్రీలకు తామే వాడుకునే బ్యాంకు ఖాతా ఉంది. తామే వాడుకునే ఫోను ఉన్నవాళ్లు మాత్రం 49 శాతమే. అంటే ఖాతా ఆమెది, మెసేజి వచ్చేది మొగుడి ఫోనుకో కొడుకు ఫోనుకో. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో పెట్టిన నియమం చూడండి. ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. ఆ మూడు రోజులూ ఎవరి జేబులో ఉన్న ఫోనులో గడిచిపోతాయి? ఓటీపీ మనమే చెప్పేస్తే, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మన నెత్తినే. చేసిన తర్వాత పోయేది మాత్రం బ్యాంకు భరించాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే. కౌంటరు దగ్గర "మీరే చెప్పారు కదమ్మా" అని పంపేసేటప్పుడు ఈ చివరి మాట ఎవరూ ఎత్తరు.

తాడేపల్లిగూడెం, ఏలూరు పరిసరాల నుంచి కువైట్‌లో ఇళ్లపనికి వెళ్లిన కూతుళ్లు పంపే డబ్బు తల్లుల ఖాతాల్లో పడుతుంది. అలాంటి తల్లికి "నీ కూతురి పేరున వచ్చిన పార్శిల్లో మత్తుమందు దొరికింది, నిన్ను డిజిటల్ అరెస్ట్ చేశాం, ఫోను పెట్టేయకు" అనే పోలీసు గొంతు వినిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. డిజిటల్ అరెస్ట్ అనే మాట మన చట్టంలో ఎక్కడా లేదు. స్త్రీని సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ చెబుతోంది. తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతితో రావాలి. కస్టడీలో స్త్రీల భద్రత కోసం ఎన్నో ఏళ్లు అడిగాక 2005 సవరణతో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరిన రక్షణ ఇది. మన సమావేశాల్లో దీన్ని చదివి వినిపించడం ఎందుకో మానేశాం.

కార్యకర్తలు ముందుగా చెప్పాల్సింది, ఫోను పెట్టేయడం మర్యాదతక్కువ పని కాదని. పెట్టేసి, తెల్లారాక కాళ్లతో బ్యాంకుకు నడిచి వెళ్లి అడగమనండి. డబ్బు రావడానికి పిన్ నొక్కక్కర్లేదు, పోవడానికే నొక్కాలి. పోయిందని తెలిసిన క్షణంలో 1930కి ఫోన్ చేయాలి. దొంగలు సొమ్మును ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు గంటల్లో దాటిస్తారు, దారిలో ఉండగానే ఆపగలిగితేనే దక్కే అవకాశం ఎక్కువ. (కమిషన్ ఆశచూపి అద్దెకు అడిగే ఖాతాలు ఇవే. అలా ఖాతా ఇచ్చిన స్త్రీ ముద్దాయి అవుతుంది.) తర్వాత బ్యాంకులో కాగితం రాసిచ్చి రసీదు తీసుకోవాలి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448.

వీటన్నిటికీ అడ్డొచ్చేది సిగ్గు, ఇంట్లో భయం. ఆమె పదకొండు రోజులు దాచింది దొంగకు జడిసి కాదు, "నీకు ఫోనెందుకు" అనే మాటకు జడిసి. మొదటి గంటలో ఆమె ఎవరి దగ్గరకు పరుగెత్తగలదు? సంఘంలో ఒకరి పేరు, ఒకరి ఇల్లు ముందే అనుకుని ఉంచాలి, కొట్లాట జరిగినప్పుడు ఎవరింటికి వెళ్లాలో అనుకున్నట్టే.

ఆ రోజు ఆ సంఘంలో పదిమంది పాసుపుస్తకాలు ముందేసుకుని ఎవరి ఖాతాకు ఎవరి నంబరు ఉందో రాశాం. నలుగురివే సొంత నంబర్లు. మిగతా ఆరుగురూ మర్నాడు కలిసి బ్యాంకుకు వెళ్లారు. ఇద్దరు సొంత నంబర్లు రాయించుకున్నారు. మిగిలిన నలుగురి దగ్గరా రాయించుకోవడానికి నంబరే లేదు. ఆమె ఫిర్యాదుకు రసీదు వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు.