పది గళ్ల కోసం నాలుగేళ్లు

అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో ఏ పుట్టినరోజుకో వ్రతానికో నలుగురు చేరితే, హైస్కూలు పిల్లలున్న తల్లుల మాటలు చివరికి ఒకచోటికే చేరతాయి. "మార్కులు అందరికీ వస్తున్నాయి వదినా, ఇప్పుడు కావాల్సింది ప్రొఫైల్. మీ వాడి ఎన్జీవో ఎంతవరకు వచ్చింది?" హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ సెంటర్లు ఇదే మాటను ప్యాకేజీలుగా కట్టి ఎనిమిదో తరగతి నుంచే అమ్ముతున్నాయి. ఒక సేవాసంస్థ, ఒక రీసెర్చ్ పేపర్, ఒక యాప్, పేరున్న యూనివర్సిటీలో ఒక వేసవి క్యాంపు. ఇవన్నీ పోగేస్తే హార్వర్డో స్టాన్‌ఫర్డో దక్కుతుందని ఆశ, లేకపోతే బిడ్డ వెనకబడిపోతుందని భయం. ఈ నమ్మకం తప్పు. దానివల్ల పిల్లలకు నిజంగానే నష్టం జరుగుతోంది.

ఇందులో సగం నిజముంది, కాదనను. హార్వర్డ్‌కు దరఖాస్తు చేసిన వందమందిలో దాదాపు నలుగురికే సీటు వస్తోంది. మంచి మార్కులున్న పిల్లలే వేలల్లో వెనక్కి వస్తున్నారు. చిక్కంతా ఆ తర్వాతి అడుగులో ఉంది. ఎంసెట్, ఐఐటీ ర్యాంకుల మధ్య పెరిగిన మనకు ఎంపిక అంటే కూడిక. ఏ పేపర్లో ఎన్ని, మొత్తం ఎంత, కటాఫ్ ఎంత. మార్కులొక్కటే చాలవు అనేసరికి మనకు ఇంకో పేపర్ రాయాలన్నట్టు వినిపించింది. సేవకు ఇన్ని మార్కులు, పరిశోధనకు ఇన్ని అని లెక్కలు కట్టుకున్నాం. ఆ కాలేజీల్లో దరఖాస్తు ఫైలు చదివేవాళ్లు అలా కూడరు.

ఆ అప్లికేషన్‌నే ఒకసారి దగ్గరగా చూడండి. వెయ్యికి పైగా కాలేజీలు తీసుకునే కామన్ యాప్‌లో యాక్టివిటీల కోసం పది గళ్లుంటాయి. ఒక్కో గడిలో ఏం చేశారో చెప్పడానికి 150 అక్షరాలు, మధ్య ఖాళీలతో కలిపి. రెండు చిన్న వాక్యాలు పట్టేంత చోటు. పదీ నింపాలన్న నియమమేమీ లేదు. సొంత అప్లికేషన్ ఉన్న ఎంఐటీ అయితే అడిగేది నాలుగే. కామన్ యాప్‌లో యాక్టివిటీ ఏ రకమో ఎంచుకోమనే జాబితాలో డిబేట్, రోబోటిక్స్, సంగీతంతో పాటు కుటుంబ బాధ్యతలు, జీతానికి చేసే పని కూడా ఉన్నాయి. మనవాళ్ల చూపు ఆ రెండింటి మీద ఆగదు. "ఇంటి పని కూడా ఒక యాక్టివిటీనా?" అంటారు.

అవును, యాక్టివిటీయే. ఆసియన్ అమెరికన్ విద్యార్థులకు అన్యాయం జరుగుతోందంటూ హార్వర్డ్ మీద వేసిన కేసు 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. ఆ విచారణలో దరఖాస్తులు చదివేవారికి హార్వర్డ్ ఇచ్చిన లోపలి సూచనలు బయటికొచ్చాయి. చదువేతర పనులకు 1 నుంచి 6 వరకు రేటింగ్. 1 అంటే జాతీయస్థాయి ప్రతిభ, లేదా వృత్తిగా చేసేవారి స్థాయి. 2 అంటే స్కూలు పత్రిక ఎడిటర్ లాంటి బలమైన పాత్ర. 3 అంటే పాల్గొన్నారు కానీ ప్రత్యేకత లేదు. తలా కొంచెంగా కూడబెట్టిన పది పనులు చాలావరకు చేరేది ఆ 3 కిందికే. ఇక 5 ఏమిటో చూడండి. మామూలు యాక్టివిటీలకు బయట కుటుంబ బాధ్యతలో, చదువుకుంటూ చేసే ఉద్యోగమో గణనీయంగా మోస్తున్నవారికి ఇచ్చేది అది. మిగతా పనులతో దాన్ని కలిపి రేటింగ్ పెంచవచ్చని కూడా ఆ సూచనల్లోనే ఉంది.

న్యూజెర్సీలో నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది. అమ్మానాన్నలది ఇండియన్ గ్రోసరీ షాపు. ఆదివారం రాత్రి షట్టర్ దించే ముందు ఎన్ని పౌండ్ల దొండకాయలు, బెండకాయలు, ఎన్ని కట్టల గోంగూర చెత్తలోకి పోయాయో ఆ అమ్మాయి ఒక రూళ్ల నోట్‌బుక్‌లో రాసేది. అలా రెండేళ్లు రాసింది. ఏ పండగ ముందు ఏది ఎంత కదులుతుందో, మంచు పడ్డ వారం ఏది మిగిలిపోతుందో ఆ నోట్‌బుక్ చెప్పింది. అంతకుముందు చూపు అంచనాతో ఆర్డర్ పెట్టే తండ్రి ఇప్పుడు, "అమ్మలూ, ఈ వారం ఎంత చెప్పమంటావు?" అని కూతుర్ని అడిగి ఫోన్ చేస్తున్నాడు. ఈ సంగతి ఆమె అప్లికేషన్ చిత్తుప్రతిలో ఒక్క ముక్క లేదు. మొదటి గడిలో ఉన్నది గ్రామీణ బాలికల విద్య కోసం పెట్టిన సంస్థకు వ్యవస్థాపకురాలని. అసలు జరిగింది, గుంటూరు జిల్లాలో అమ్మమ్మగారి ఊరి జిల్లా పరిషత్ స్కూల్లో ఒక పూట నోట్‌బుక్కులు పంచడం, బ్యానర్ కట్టి ఫొటో దిగడం. డబ్బు తీసుకున్న కౌన్సెలర్ షాపు సంగతి తీసేసి ఇది పెట్టించాడు. ఆ సంస్థ గురించి అడిగితే అమ్మాయికి చెప్పడానికి ఏమీ దొరకలేదు. షాపు గురించి అడిగితే ఆపకుండా చెప్పింది. చదివేవారు ఈ రెండింటిలో దేన్ని నమ్ముతారు?

ఆ స్కూలు పిల్లల మాట కూడా చెప్పాలి. ఎర్రటి ఎండలో వరసగా నిలబడి, ఎవరో అక్క చేతి నుంచి నోట్‌బుక్ అందుకుంటూ కెమెరా వైపు చూడమంటే చూసిన పిల్లలు వాళ్లు. ఇంకొకరి అప్లికేషన్‌లో ఒక వాక్యం కోసం వాళ్ల పేదరికాన్ని వాడుకోవడం తప్పు. అది సేవ అని మన పిల్లలకు నేర్పడం అంతకన్నా పెద్ద తప్పు.

డబ్బిచ్చి పేపర్ అచ్చువేయించుకోవడమూ ఈ కోవలోదే. హైస్కూలు పిల్లలకు మెంటర్‌ను చూపించి, పరిశోధన రాయించి, సులభంగా వేసుకునే జర్నళ్లలో పెట్టించే సంస్థలు వేల డాలర్లు వసూలు చేస్తున్న తీరును 2023లో వార్తాసంస్థ ప్రొపబ్లికా వివరంగా బయటపెట్టింది. ఆ కథనాన్ని కలిసి ప్రచురించింది ఉన్నత విద్యారంగంలోనివారే చదువుకునే పత్రిక క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్. ఇక ఫైళ్లు చదివేవారి దగ్గర దాచిపెట్టే విద్య ఏమీ మిగల్లేదు.

"డబ్బున్నవాళ్లకు ఇవన్నీ పనిచేస్తున్నాయి కదా?" అని అడిగేవారికి జవాబు చెప్పాలి. నిజమే, డబ్బు పనిచేస్తోంది. ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ 2023 అధ్యయనంలో తేల్చిందదే. ఒకే టెస్ట్ స్కోరున్నా మధ్యతరగతి పిల్లలకన్నా అత్యంత సంపన్నుల పిల్లలు హార్వర్డ్ లాంటి ఐవీ స్థాయి కాలేజీల్లో చేరే అవకాశం రెట్టింపుకు పైగా ఉంది. కానీ కారణాలు చూడండి. పూర్వ విద్యార్థుల సంతానం కావడం, ఆటగాళ్లుగా ఎంపిక కావడం, చదువేతర రేటింగ్‌లు ఎక్కువ రావడం. ఆ రేటింగ్‌లు కూడా ఎక్కువగా కొన్ని ప్రైవేటు హైస్కూళ్ల పిల్లలకే కలిసొస్తున్నాయి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో పబ్లిక్ స్కూలుకు వెళ్లే పిల్లాడికి ఏ ప్యాకేజీ ఇవి తెచ్చిపెట్టగలదు? ఇంకో మాట. ఈ అదనపు బలాలకూ కాలేజీ తర్వాతి జీవితంలో రాణించడానికీ సంబంధం కనిపించలేదని, చదువులోని బలానికి మాత్రం కనిపించిందని అదే అధ్యయనం చెప్పింది. ఆ వ్యవస్థలో అన్యాయముంది. దాన్ని అన్యాయమనే అందాం. పిల్లలకు దాని వేషం వేయించనక్కర్లేదు.

మరి మార్కులకు మించి బలమిచ్చేది ఏది? కాలేజీలే చెబుతున్నాయి, ఉచితంగా. అమెరికాలో చాలా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ ప్రకటిస్తాయి. అందులో సీ7 అనే పట్టికలో ఏది అతి ముఖ్యం, ఏది ముఖ్యం, ఏది అసలు చూడరో కాలేజీవారీగా ఉంటుంది. తీసుకున్న కోర్సులు ఎంత కఠినమైనవన్నది అందులో మొదటి అంశం. పిల్లవాడు తన స్కూల్లో దొరికే కష్టమైన కోర్సు తీసుకున్నాడా, అది చెప్పిన టీచరుకు వాడు ఏం అడిగేవాడో గుర్తుందా అన్నది పది గళ్లకన్నా ముందు ఆలోచించాల్సిన సంగతి. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాట్ స్కోరు చూడదు. మామూలుగా సిఫార్సు లేఖలూ అడగదు. 350 పదాలు మించని నాలుగు జవాబులు అడుగుతుంది. అక్కడ రాయడానికి పిల్లవాడికి తను బతికిన విషయమంటూ ఒకటి ఉండాలి. హార్వర్డ్ విద్యాశాస్త్ర విభాగం నుంచి 2016లో వచ్చిన టర్నింగ్ ద టైడ్ నివేదిక, రెండు మూడు అర్థవంతమైన పనులకు మించి చూపాలన్న ఒత్తిడి పిల్లల మీద ఉండకూడదని కాలేజీలకే చెప్పింది. కుటుంబం కోసం పడే శ్రమను గుర్తించమని కూడా కోరింది.

చివరికి మిగిలేది చుట్టూ ఉన్నవాళ్ల భయం. అందరూ చేస్తుంటే మన అమ్మాయి ఒక్కతే ఊరుకుంటే ఎలా? ఐవీ స్థాయి కాలేజీకి వెళ్తే ఆదాయంలో పై ఒక శాతానికి చేరే అవకాశం పెరుగుతుందని, రాష్ట్రాల ప్రధాన ప్రభుత్వ యూనివర్సిటీలకు వెళ్లినవారితో పోలిస్తే సగటు ఆదాయంలో మాత్రం పెద్ద తేడా లేదని చెట్టి బృందమే చెప్పింది. రట్జర్స్‌కో టెక్సస్ యూనివర్సిటీకో వెళ్లిన పిల్ల బతుకు పాడవదు. కాబట్టి పదో తరగతి పిల్ల ఈ వేసవిలో ఏం చేయాలని నన్ను అడిగితే, ముందు తననే అడగమంటాను. ఎవరూ చెప్పకుండా ఏ పని దగ్గర తనకు టైమ్ తెలియలేదో అడగండి. ఆ పనికి రోజూ రెండు మూడు గంటలు వదలండి. వంటలో, షాపులో, తాతగారి మందుల దగ్గర నిజంగా ఒక బాధ్యత అప్పగించండి, దాని మీద నిర్ణయం తననే తీసుకోనివ్వండి. ప్యాకేజీకి కట్టబోయే అడ్వాన్సు కట్టకండి.