అటకెక్కిన ల్యాప్‌టాప్‌ను తూకానికి వేయవద్దు

పిల్లవాని ఇంజనీరింగు చదువు కోసం అప్పుచేసి కొన్న ల్యాప్‌టాప్, చదువు ముగిసి వాడు పట్నం చేరగానే అటకెక్కుతున్నది. కొన్నేళ్లకు పాతసామానువాడు వీధిలోకి వస్తే దానిని తూకానికి వేసి, కాసిని ఉల్లిపాయలు పుచ్చుకోవడం పరిపాటి అయింది. అదే ఇంట్లో పదో తరగతి పిల్ల అరచేతిలో పట్టే ఫోను తెరకు కళ్లప్పగించి పాఠాలు చూస్తున్నది. ఇది విచారకరం.

ల్యాప్‌టాప్ పనిచేయడం లేదంటే అందులోని భాగాలన్నీ చెడినట్లు కాదు. తెర పగిలినదైతే, హెచ్.డి.ఎం.ఐ. తీగతో ఇంట్లోని టీవీకి కలిపి వాడుకోవచ్చు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన ఆ యంత్రాలు పనికిరానివి కావు. ఉచితంగా లభించే లినక్స్ వేసుకుంటే వాటిలో చాలా వరకు పిల్లల చదువుకు సరిపోతాయి.

లోపలి బోర్డు కాలిపోయి తెర బాగుంటే, ఆ తెరను విడిగా మానిటరు చేసుకోవచ్చు. అందుకు కంట్రోలరు బోర్డు కావాలి. తెర వెనుక చీటీమీద ఉన్న మోడల్ నంబరుకు సరిపోయే బోర్డునే కొనాలి. నంబరు చూడకుండా కొంటే డబ్బు దండగ. ఈ బోర్డులు ఎక్కువగా 12 వోల్టులతో నడుస్తాయి. ల్యాప్‌టాప్ చార్జరు సాధారణంగా 19 వోల్టులు ఇస్తుంది. ఉన్నది కదా అని దానినే తగిలిస్తే బోర్డు కాలిపోయే ప్రమాదం ఉన్నది.

జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చరాదు, వంచరాదు. అది భగ్గున అంటుకోగలదు. బాగా పాత తెరల్లో ఎల్.ఇ.డి.లకు బదులు సన్నని గొట్టపు దీపం ఉంటుంది. అందులో పాదరసం ఉంటుంది. దానిని వెలిగించే చిన్న బోర్డులో వందల వోల్టులు పుడతాయి. అటువంటి వాటిని తెలిసిన మెకానిక్కు చేతనే విప్పించాలి. రాగి కోసం తీగలు కాల్చడం మరీ తప్పు. ఆ విషపు పొగ పీల్చేది ఆ వీధి పిల్లలే.

ఇ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం ఈ సామాను రిజిస్టరు అయిన రీసైక్లింగు సంస్థలకు చేరాలి. పల్లెలో రైతు దానిని ఎవరికి అప్పగించాలి? నిబంధన పట్నంలోనూ చెత్త పల్లెలోనూ ఉంటే ప్రయోజనం లేదు. మండల కేంద్రంలో ఏడాదికి ఒకటి రెండు రోజులైనా సేకరణ జరపాలి. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థుల చేత పరీక్షింపజేసి, బాగుపడేవాటిని గ్రామ గ్రంథాలయాలకు, పాఠశాలలకు ఇవ్వాలి. ఇచ్చేవారు ముందుగా హార్డ్‌డిస్కు తీసి ఉంచుకోవడం క్షేమం. బ్యాంకు వివరాలు, ఫోటోలు అందులోనే ఉంటాయి.

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు, అధికారులకు పట్టింపు ఉంటే చాలు. అంతవరకు పాతసామానువాని కేక విని అటకవైపు చూసే ముందు, ఇంట్లో చదువుకునే పిల్లవైపు ఒకసారి చూడడం మంచిది.