కంప్యూటర్ విభాగం నుంచి: పాత డొమైన్ సర్వర్ల మార్పిడి

ఉదయం మీరు పాస్‌వర్డ్ కొట్టగానే ‘వీరు మనవారే’ అని ధ్రువీకరించేది డొమైన్ సర్వరు. ఇప్పటికీ పలు కార్యాలయాలలో అది విండోస్ సర్వర్ 2012 ఆర్2 పైననే నడుస్తున్నది. దానికి సాధారణ భద్రతా సవరణలు 2023 అక్టోబరు 10తో నిలిచిపోయాయి. ‘నడుస్తున్నది కదా, తొందరేమి?’ అని అడిగేవారున్నారు. సంస్థ తాళాలగుత్తి అంతా ఆ ఒక్క యంత్రంలోనే ఉన్నదని వారికి మనవి.

పాత యంత్రంపైననే కొత్త విండోస్ ఎక్కించడం నాకు సమ్మతం కాదు. కొత్త సర్వరును పక్కన నిలిపి, డొమైన్‌లో చేర్చి, ఖాతాల వివరాలు పూర్తిగా చేరాయని రూఢి చేసుకొని, ఐదు ప్రత్యేక బాధ్యతలను దానికి అప్పగించిన పిదపనే పాతదానికి విరమణ. 2003 నాటి నుంచి కొనసాగుతున్న డొమైన్లలో లాగిన్ స్క్రిప్టుల నకళ్లు ఇంకా ఎఫ్ఆర్ఎస్ పద్ధతిలోనే తిరుగుతూ ఉండవచ్చు. సర్వర్ 2019 ఆ పద్ధతిని అంగీకరించదు; ముందుగా డీఎఫ్ఎస్ఆర్‌కు మారవలసిందే. గడియారమూ ముఖ్యమే. సాధారణ అమరికలో ఐదు నిమిషాలకు మించి తేడా వస్తే కెర్బెరోస్ లోనికి రానీయదు.

ఇవన్నీ మా విభాగం చూసుకొనేవి. అసలు శ్రమ మరొకచోట ఉన్నది. పాత సర్వరు చిరునామాను డీఎన్ఎస్‌గా పెట్టుకున్న ప్రింటర్లు, హాజరు యంత్రాలు, స్టోర్స్‌లోని స్కానర్లు ఎన్నో! వాటిని అమర్చినవారిలో కొందరు పదవీ విరమణ కూడా చేశారు. కనుక ప్రతి విభాగమూ తమ యంత్రాల అమరికలను స్వయంగా చూసి, వ్రాసి పంపవలసినదిగా కోరుతున్నాను. జీతాల బిల్లులు తయారయ్యే వారంలో మాత్రం పాత సర్వరు జోలికి పోము.